ఎడమచేతి విందు

పొద్దున పదిన్నరకు ఫర్జానా, కూతురు అస్రా పనిచేసే గదిలో అడుగుపెట్టేసరికి స్కానర్ మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. శవం మీద కప్పినట్టుంది అనుకుని, అలాంటి మాట మనసులోకి వచ్చినందుకు తౌబా తౌబా అని తనను తనే తిట్టుకుంది. మస్కట్‌లోని దార్సైట్ నుంచి ఈ రేవు ఊరు ఖురియాత్ దాకా టాక్సీలో ఆమె చేసిన పని అదే. ఒక్కో మలుపులో ఒక్కో రకంగా కూతుర్ని చంపుకోవడం, మలుపు దాటాక మళ్ళీ బతికించుకోవడం.

అస్రా కనబడక పదిహేడు గంటలైంది. కనబడకపోవడం అన్నది ఫర్జానా మాట. ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న కమ్రాన్ మాట వేరు.

"పారిపోయింది," అన్నాడు అతను. "ఫైల్ తయారుంది. రెండు గంటలకు ఆఫీసుల పెడ్తా."

ఆ ఫైలంటే ఏమిటో ఫర్జానాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ కేసులు చూసే లాయరు దగ్గర తొమ్మిదేళ్ళుగా ఆమె దుబాసీ. దుబాసీ అని పేరుకే. మాయమైన మనిషి ఎక్కడుందో, ఎవరు దాచారో తవ్వి తీసే పని కూడా ఆమెదే. పారిపోయిందని కంపెనీ కాగితం పెట్టిందంటే, అక్కణ్ణుంచి అస్రా తప్పిపోయిన పిల్ల కాదు, దొంగ. దొంగను విమానాశ్రయంలో వెతుకుతారు. తాళం వేసిన గదుల్లో వెతకరు, బావుల్లో వెతకరు. తౌబా.

కమ్రాన్ హైదరాబాదు మనిషి. పని వదిలి పారిపోయిన వాళ్ళను పట్టి కంపెనీలకు అప్పజెప్పడం అతని ఉద్యోగం. ఇంతకుముందు మూడు కేసుల్లో ఫర్జానా అతనికి అడ్డం పడింది. అది అతను మర్చిపోలేదు.

"తల్లి ఎంక్వైరీ చేస్తదా?" అన్నాడు. "తల్లిని అడిగితే ఏ బిడ్డయినా మంచిదే అయితది."

"నేను అందరికంటే ముందు చెడ్డే అనుకుంటా సార్. అందుకే మీకంటే ముందు నాకు మనుషులు దొరుకుతారు."

"గట్లనా. పదో తరగతి ఫెయిలంట కదా మీరు."

"లెక్కల్లో ఒక్కదాంట్లోనే. గడియారం చూడటం వచ్చు. నిన్న టైములు చెప్పండి."

అతను నవ్వి కంప్యూటర్ తెర తిప్పాడు. టైములన్నీ అతని దగ్గర ఉన్నాయి. మధ్యాహ్నం రెండూ ఇరవైకి అస్రా ఫోన్ మూగబోయింది. నాలుగూ నలభైకి ఈ కంప్యూటర్లో అస్రా పేరుతో పని మొదలైంది. నాలుగూ యాభై రెండుకల్లా నలభై ఒకటో ఫిల్ము రోల్లోని మొదటి ఆరు ఫొటోలు ఎక్కాయి. ఐదున్నరకు చూస్తే గదిలో పిల్లా లేదు, ఆ రోలూ లేదు.

"ఫోన్ బంద్ చేసింది. పని చేస్తున్నట్టు యాక్టింగ్ చేసింది. రోల్ బ్యాగుల ఏసుకొని పోయింది. ఇంకేం గావాలె?"

ఆ ఫిల్ము రోళ్ళు ఖాదర్‌వలివి. అరవై డెబ్భై ఏళ్ళ కిందట కడప నుంచి ఓడెక్కి వచ్చి, ఈ తీరమంతా కాలినడకన తిరిగి, వలలు లాగేవాళ్ళనీ, సంతలనీ, పెళ్ళిళ్ళనీ పత్రికలకు ఫొటోలు తీసి పంపినాయన. చనిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన రోళ్ళు నాలుగు వందలు ఇప్పుడు ఒక కంపెనీ చేతిలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించడం నాలుగు నెలలుగా అస్రా ఉద్యోగం. వచ్చే వారం మస్కట్‌లో ఎగ్జిబిషన్. దానికి పెద్ద, కంపెనీలో అస్రాకు పైవాడు, ఎహసాన్. ఇరవై ఏళ్ళుగా ఖాదర్‌వలి మీద వ్యాసాలు, పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి.

ఫర్జానా కంప్యూటర్ వైపు వంగింది. తెర కింద అంటించిన చీటీ మీద పాస్‌వర్డ్ రాసి ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు.

"ఇది ఎప్పటినుంచి ఉంది?"

"నాకేం తెలుసు?"

"రాసుకోండి సార్, మీ ఫైల్లో."

వంట చేసే సుబ్బలక్ష్మమ్మ టీ తెచ్చింది. గోదావరి మనిషి, యాభై అయిదు దాటింది. ఫర్జానా ఆమె చేతిలోంచి కప్పు తీసుకుని, ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

"నిన్న సాయంత్రం అస్రాని చూసినావా అక్కా?"

"చూడ్డమేంటండీ, లోపల మిషను మోగుతుంటేనూ."

"చూసినావా అంటాండా."

సుబ్బలక్ష్మమ్మ కమ్రాన్ వైపు చూసింది. మళ్ళీ నేల వైపు చూసింది. "లేదండి. తలుపు గడియేసుంది. టీ తెచ్చి రెండుసార్లు కొట్టేను. చెవుల్లో ఆ పుల్లలెట్టుకుంటది కదండీ, వినపళ్ళేదనుకున్నాను."

"అప్పుడు టైమెంత?"

"నాలుగూ నలభై. మా అమ్మాయి రోజూ నాలుగున్నరకి ఫోన్ చేస్తదండి. పది నిముషాలు మాట్లాడి ఇటే వచ్చేను."

"రోజూ గడియ వేసుకుంటాదా నా బిడ్డ?"

"ఒక్కనాడూ లేదండి. గాలాడదని తలుపు బార్లా తీసే ఉంచుద్ది."

"దొంగతనం చేసేటోళ్ళు గడియ పెట్టుకుంటరు," అన్నాడు కమ్రాన్.

"లోపల ఉన్నది ఎవరో తెలీకూడదనుకున్నోళ్ళు కూడా పెట్టుకుంటారు."

అప్పుడే ఎహసాన్ వచ్చాడు. నలగని చొక్కా, మెత్తటి గొంతు. ఫర్జానాకు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడ్డాడు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుస్తోంది. ఆ రోల్ ఎలాగోలా తిరిగి ఇప్పించండి. కేసు లేకుండా నేను చూసుకుంటాను."

"నిన్న మీరు యాడుండారు సార్?"

"మస్కట్‌లో. ఎగ్జిబిషన్ హాల్లో. ఆరింటికి వచ్చాను."

"మీతో ఎవరన్నా ఉండిరా?"

"హాలు నిండా పనివాళ్ళే. పేర్లు ఎవరికి గుర్తుంటాయి?" జేబులో ఫోన్ మోగకుండానే తీసి చూసుకున్నాడు. "మీరు కానివ్వండి. ఇప్పుడే వస్తాను."

అతను వెళ్ళిన తలుపు వైపే ఫర్జానా చాలాసేపు చూసింది. రోల్ కావాలన్నాడు. పిల్ల ఏమైందని అడగలేదు. నాలుగు నెలలు తన కింద పనిచేసిన పిల్ల రాత్రి ఎక్కడ పడుకుందో, తిందో లేదో, వీధిలో కుక్క కనబడకపోయినా అడుగుతారే. ఏమైందో తెలిసినవాడికే అడగాల్సిన పని ఉండదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిన్నటి ఫొటోలు పెద్దగా పెట్టండి సార్."

"మీకు ఫొటోలు అర్థమైతయా?"

"కావు. అన్నం తినేది అర్థమవుతాది. ఏదో భోజనం మాదిరిగా కనిపిస్తాంది."

మొదటి ఫొటో తెర నిండా వచ్చింది. ఇబ్రా అనే ఊళ్ళో ఏదో పెళ్ళి, వెయ్యిన్ని తొమ్మిదివందల యాభై ఎనిమిది అని కింద రాసి ఉంది. పెద్ద పళ్ళెం చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు. మొహాలకు ముసుగుల్లేవు. ఒకామె పాలిస్తోంది. ఒక పిల్ల నోరంతా తెరిచి నవ్వుతోంది. అందరి చేతులూ అన్నంలో ఉన్నాయి.

ఏదో తప్పుగా ఉంది. ఏమిటో ఫర్జానాకు వెంటనే అందలేదు. పళ్ళెంలో ఒక్కో చేతినీ వేలు పెట్టి లెక్కబెట్టింది.

"వీళ్ళంతా ఎడమచేత్తో తింటాండారు."

కమ్రాన్ ముందుకు వంగాడు.

అస్రా పుట్టుకతోనే ఎడమచేతి వాటం పిల్ల. నాలుగేళ్ళప్పుడు, జనం ఏమనుకుంటారో, రేపు అత్తగారింట్లో ఏమంటారో అని, ఫర్జానా నెల రోజులపాటు ఆ పిల్ల ఎడమచేతిని ఓణీతో నడుముకు కట్టి అన్నం పెట్టింది. గరిటెతో కొట్టింది కూడా. ఇరవై మూడేళ్ళొచ్చినా అస్రా ఇప్పటికీ పళ్ళెం ముందు కూర్చోగానే ఎడమచేతిని ముందు ఒళ్ళో దాచుకుంటుంది. అది చూసినప్పుడల్లా ఫర్జానాకు ముద్ద దిగదు. పన్నెండు మంది ఎడమచేత్తో తినే ఫొటో తెర మీదకు వస్తే, లోకంలో ఎవరు గమనించకపోయినా ఆ పిల్ల గమనిస్తుంది.

"ఫిల్ముకు రెండు పక్కలుంటాయి సార్. ఒకటి మెరుస్తాది, ఒకటి మసక. వేలితో తడిమినా తెలుస్తాదంట. తిరగేసి పెడితే కుడి ఎడమ అయిపోతాది. వీడియో కాల్‌లో చూపించింది నాకు."

"తొందర్ల తిరగేసి ఉంటది."

"నాలుగు నెలల్లో పద్నాలుగు వందల ఫొటోలు ఎక్కించింది. ఒక్కటి తిరగబడిందేమో చూపించండి. నేనే సంతకం పెడతా మీ ఫైల్లో."

అతను చూశాడు. పంతానికి మొదలుపెట్టి, తర్వాత నిజంగానే చూశాడు. కాఫీ గిన్నె పట్టుకున్న ముసలాయన, వల కుట్టే మనిషి, చెక్క పలక మీద రాస్తున్న పంతులు. అందరివీ కుడిచేతులే. పదిహేను నిముషాలకు మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మరి నాలుగూ నలభైకి ఈడ కూసున్నదెవరు?"

"ఇంతమంది చేతులు చూసి కూడా తప్పు కనిపెట్టలేని మనిషి. అక్కా, ఈ ఇంట్లో చెంచాతో తినేదెవరు?"

"ఎహసాన్ సారేనండి," అంది సుబ్బలక్ష్మమ్మ. "ఆవకాయన్నం కూడా చెంచాతోనే. చూళ్ళేక సచ్చిపోతాను."

కమ్రాన్‌కు నవ్వొచ్చినట్టయి ఆగిపోయింది. "కోర్టుల చెంచా సాక్ష్యం నడవది ఫర్జానా గారు."

"నడవదు. నాకు కోర్టు గాదు, నా బిడ్డ కావాల."

సుబ్బలక్ష్మమ్మ ఇంకా తెర వైపే చూస్తోంది. కొంగుతో తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో, చెమట పట్టించేసేరండి ఫిల్ముకి."

ఫొటో నిండా చిన్నచిన్న గుండ్రటి మచ్చలున్నాయి. ఫర్జానా వాటిని పాతబడ్డ మరకలనుకుంది.

"ఏం చెమట?"

"చల్లగదిలోంచి తెచ్చిన పెట్టె గంటసేపు తియ్యకూడదంటండి. ఫ్రిజ్జులో సీసా బయటెడితే నీళ్ళు పట్టదూ, అలా పట్టేద్దంట. అస్రా తువ్వాల చుట్టి బల్ల మీద ఉంచేది. నన్ను ముట్టనిచ్చేది కాదు."

"ఏ చల్లగది అక్కా?"

"హార్బరు కాడ చేపలు దాచే కోల్డ్ స్టోరేజీ ఉంది కదండీ. అందులో ఒక గది మన కంపెనీ తీసుకుంది. ఈ ఎండలకి ఫిల్ములు పాడైపోతాయని. పొద్దుటే ఆ రోజు పెట్టె తెచ్చుకుంటది, భోంచేసేక తీసుకెళ్ళి పెట్టేసొస్తది."

ఫర్జానా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"నిన్న కూడా పోయిందా?"

"రెండింటికి పెట్టె పట్టుకుని ఎల్లిందండి. నేను నడుం వాల్చేను. లేచి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి మిషను మోగుతుంది. వచ్చేసిందనుకున్నాను."

"అనుకున్నావు."

"అనుకున్నానండి," అంది సుబ్బలక్ష్మమ్మ. అప్పుడు ఆమెకూ అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెట్టె రెండింటికి చల్లగదికి వెళ్ళింది. నాలుగూ నలభైకి చల్లదనం వదలకుండానే, నీళ్ళు పట్టి, ఈ స్కానర్ మీదకు వచ్చింది. తెచ్చింది అస్రా కాదు, ఆమె తిరిగొచ్చినట్టు కనబడాలనుకున్నవాళ్ళు. అస్రా వెళ్ళింది కానీ, తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

"రెండూ ఇరవై," అన్నాడు కమ్రాన్ మెల్లగా. అతని గొంతులో వెటకారం లేకపోవడం ఆమెను ఇంకా భయపెట్టింది. "ఫోన్ బంద్ చెయ్యలే. అసొంటి గదుల లోపల సిగ్నల్ రాదు. కానీ ఎందుకు? ఒక పెళ్ళి ఫొటో కోసం ఎవడన్నా..."

ఫర్జానా మళ్ళీ ఆ ఫొటో వైపు తిరిగింది. చూడబుద్ధి కాలేదు, అయినా చూసింది. పళ్ళేనికి అవతల కూర్చున్నామె ఒక ముద్ద చేసి, చెయ్యి చాచి, సరిగ్గా కెమెరా వైపు పట్టుకుంది. నవ్వుతూ. తిను, ముందు తిని తర్వాత తీద్దువులే అన్నట్టు.

"సార్, మీ ఇంట్లో పెళ్ళైతే, ఆడోళ్ళు తినేకాడికి కెమెరా పట్టుకోని మగోణ్ణి రానిస్తారా?"

"ఎట్ల రానిస్తరు?"

"ఇప్పుడే రానియ్యరు. యాభై ఎనిమిదిలో ఇబ్రాలో రానిచ్చినారా? మొహాలు చూడండి. ఆ పాలిచ్చే ఆమెను చూడండి. ఒక్కరన్నా కొంగు సర్దుకున్నారా? పరాయి మగోడికి ముద్ద పెడతాదా ఆ యమ్మ?"

కమ్రాన్ ఫొటోను ఇంకా పెద్దది చేసి ఒక్కో మొహమూ చూశాడు.

"తీసింది ఆడది సార్. మగోళ్ళు చూస్తే ఇది పెళ్ళి ఫొటో. అందుకే మీ ఎహసాన్ సారు ఏమీ కాదులే అని ఈ ఆరూ ఎక్కించినాడు. ఆడది చూస్తే తెలిసిపోతాది."

ఖాదర్‌వలికి హఫ్సా అని భార్య ఉండేది. ఎహసాన్ పుస్తకంలో ఆమె గురించి ఒక్క వాక్యం ఉందని అస్రా చెప్పింది. భర్త వెంట ఊరూరూ తిరిగి వండిపెట్టిన ఇల్లాలు అని. వండిపెట్టిన చేతులే కెమెరా కూడా పట్టాయని అస్రా ఈ రోల్లో చూసి ఉంటుంది. ఒక్క రోల్లోనేనా, నాలుగు వందల్లో ఎన్నింటిలోనో.

సోమవారం ఫోన్లో అస్రా అంది, "అమ్మీ, నీకొకటి చెప్పాల. ముందు సార్‌కు చెప్పి, తర్వాత చెప్తా. ఆయన పుస్తకం గదా, ఆయనకు తెలియాల ముందు." ఫర్జానా అప్పుడు ఎవడో కుర్రాడి సంగతి అనుకుంది. అయిదు నిముషాలు ఏకధాటిగా తిట్టింది. ఆ పిల్ల నవ్వి ఫోన్ పెట్టేసింది. ఇరవై ఏళ్ళ పేరూ వచ్చే వారం ఎగ్జిబిషనూ ఒక్క మాటతో కూలిపోయే మనిషి దగ్గరకు, ఆ ఒక్క మాట తీసుకుని, ఆ పిల్ల తనంతట తనే మర్యాదగా నడిచి వెళ్ళింది.

"ఎహసాన్ సాబ్ ఏడి?" అన్నాడు కమ్రాన్.

"కారేసుకుని ఎల్లిపోయేరండి," అంది సుబ్బలక్ష్మమ్మ. "మీరు ఫొటోలు చూస్తున్నప్పుడే."

కోల్డ్ స్టోరేజీ కాపలాదారు పెంచలయ్య నంబరు సుబ్బలక్ష్మమ్మ దగ్గర ఉంది. ఫర్జానా చేతిలోంచి కమ్రాన్ ఫోన్ తీసుకుని నొక్కి, స్పీకర్ పెట్టి, బయటికి నడవమని సైగ చేశాడు. ముగ్గురూ మెట్లు దిగుతుండగా అవతల ఎత్తారు.

"ఎవురూ?"

"అన్నా, నేను అస్రా వాళ్ళమ్మను. మీ కాడ కంపెనీ ఫిల్ములుండే గది తాళం తీ అన్నా."

"మూడో నంబరా? తాళంచెవి నా కాడ లేదమ్మా. చెవులు రెండే. ఒకటి నీ బిడ్డ కాడ, ఒకటి ఎహసాన్ సారు కాడ. తాళం బయటి నుంచే పడతాది. ఏమైంది?"

"నిన్న మధ్యాహ్నం నా బిడ్డ వచ్చిందా?"

"నిన్న నా డ్యూటీ గాదమ్మా. పొద్దున ఆరుకొచ్చినా."

కమ్రాన్ ఫోన్ దగ్గరకు వంగాడు. "లోపల ఎంత చల్లగుంటది?"

"రోజూ రెండు డిగ్రీలు సార్. ఈ పొద్దు పదింటికి ఎహసాన్ సారు ఫోన్ చేసి, ఫిల్ములు తీసేసినాము, చేపల లోడు వస్తాది, మైనస్ పద్దెనిమిదికి దించమన్నాడు. దించినా."

కమ్రాన్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభై. "బంద్ చెయ్. ఇప్పుడే. ఫోన్ పెట్టెయ్యకు."

చెప్పుల చప్పుడు వినిపించింది. ఏదో మీట పడ్డ చప్పుడు. కమ్రాన్ కారు స్టార్ట్ చేశాడు. ఫర్జానా ముందు సీట్లో కూర్చుని ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. రెండు డిగ్రీల్లో ఒక రాత్రి. అస్రాకు చన్నీళ్ళ స్నానం పడదు. చలికాలంలో కాళ్ళకు మేజోళ్ళు వేస్తే తప్ప నిద్ర పట్టేది కాదు.

"తలుపు కొట్టు అన్నా. గట్టిగా."

పెంచలయ్య మూడుసార్లు కొట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాడు. ఫర్జానా కళ్ళు మూసుకుంది. వెనక సీట్లో సుబ్బలక్ష్మమ్మ ఏ దేవుణ్ణో తలుచుకుంటోంది.

"ఉండమ్మా," అన్నాడు పెంచలయ్య. గొంతు మారిపోయింది. "ఏందో తట్టినట్టుండాది. ఉండు, తలుపుకు చెవి ఆనిచ్చి ఇంటా. ఉండాదమ్మా. లోపల మనిషుండాది. తడతా ఉండాది."

కమ్రాన్ యాక్సిలరేటర్ తొక్కాడు. "పగలగొట్టు. గొడ్డలి, రాడ్డు, ఏదుంటే అది. మేం ఎనిమిది నిమిషాలల్ల వస్తం."

"పగలగొట్టే పని ల్యా సార్," అన్నాడు పెంచలయ్య, ఊరట నిండిన గొంతుతో. "ఎహసాన్ సారు కారు గేటు కాడికి వచ్చె. తాళంచెవి ఆయన కాడ ఉండాది గదా. నేను పోయి తెస్తా."

"అన్నా, వద్దు. ఆయనకు చెప్పొద్దు. అన్నా."

అప్పటికే ఫోన్ అతని చొక్కా జేబులోకి పోయింది. గుడ్డ రాసుకున్న చప్పుడు, పరుగెత్తే అడుగులు, కారు తలుపు పడ్డ చప్పుడు. ఆ తర్వాత పెంచలయ్య మాట, మూడు మూరల దూరం నుంచి విన్నట్టు స్పష్టంగా వచ్చింది.

"మంచి టైముకు వచ్చినారు సార్. ఆ పిల్ల లోపలే ఉండాది. బతికే ఉండాది."

ఫర్జానా ఫోన్ మీద అరచెయ్యి మూసింది, తన ఊపిరి అటు వినబడకుండా.

తర్వాత ఆ మెత్తటి గొంతు, ఏ తొందరా లేకుండా, అడిగింది.

"అలాగా పెంచలయ్యా. ఈ సంగతి ఇంకా ఎవరికైనా చెప్పావా?"